గుర్రం ఊగితే ఊగనివ్వండి, ఎంత ఊగుతుందో దాచకండి: ఒక ఆట నిర్వాహకులకు బహిరంగ లేఖ

గుర్రాల పెంపకం ఆట నడుపుతున్న నిర్వాహకులకు,

నమస్కారం.

దేవరకొండ నుంచి రాస్తున్నాను. ఇక్కడ నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. మూడేళ్ళుగా మీ ఆట ఆడుతున్నాను. నల్గొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, జడ్చర్ల, వనపర్తి నుంచి ఆడేవాళ్ళం పద్నాలుగు మందిమి ఒక వాట్సాప్ గ్రూపుగా చేరాం. ఆట బాగుంది కాబట్టే ఇంతకాలం ఉన్నాం. అంతకు మించి పొగడ్తలు ఇప్పుడు అనవసరం.

గత మూడు నెలల్లో మీ సపోర్టుకు నాలుగు సార్లు రాశాం. మూడు సార్లు ‘మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది’ అని వచ్చింది. నాలుగోసారి ఒక మనిషి రాసినట్టున్న జవాబు వచ్చింది. దాని సంగతి కింద చెప్తాను. ఇక లోపల లోపల రాసి లాభం లేదని అందరూ చదివేలా రాస్తున్నాను. ఆట పేరు మాత్రం రాయడం లేదు. మాకు కావాల్సింది మీ పరువు తీయడం కాదు. చదివితే మీది మీకే తెలుస్తుంది.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ఇందులో గుర్రాలను పెంచాలి, జత కలపాలి, పుట్టిన పిల్లలను తర్ఫీదు చేసి షోలకు పెట్టాలి. షోలో గుర్రానికి నూటికి ఇన్ని అని స్కోరు వస్తుంది. నిజం గుర్రం చూలు పదకొండు నెలలు మోస్తుంది, ఈ ఆటలో మూడు రోజులే. అందుకే నాలాంటి వాడు షాపులో కూర్చునే ఏడాదిలో ఇరవై తరాల దాకా చూడగలడు. వేగం, దమ్ము, నడక, మాట వినే గుణం, అన్నిటికీ అంకెలు కనబడతాయి. ఒక్కదానికే కనబడదు. అది నిలకడ. అంటే ఈ రోజు 90 తెచ్చిన గుర్రం రేపు ఎంత తెస్తుంది అన్నది. నిలకడకు లోపల ఒక అంకె ఉందని మీ సహాయం పేజీలోనే రాశారు. అది ఎంతో మాత్రం చూపించరు.

మా గొడవంతా ఆ ఒక్క అంకె గురించే.

నా దగ్గర రెండు ఆడ గుర్రాలున్నాయి. ఒకదాని పేరు పిల్లలమర్రి, ఇంకోదాని పేరు డిండి. డిండి వాగు చూసిన వాళ్ళకు ఆ పేరు ఎందుకు పెట్టానో చెప్పక్కర్లేదు, వాన పడితే పొర్లుతుంది, లేకుంటే ఇసుకే. నేను ప్రతి షో స్కోరూ నోటుబుక్కులో రాసుకుంటాను. వరసగా పది షోల్లో వచ్చినవి ఇవీ:

పిల్లలమర్రి: 78, 76, 79, 77, 75, 78, 77, 76, 80, 74.
డిండి: 94, 61, 88, 58, 91, 63, 86, 66, 92, 61.

సగటు తీస్తే పిల్లలమర్రికి 77, డిండికి 76. మీ పేజీలో చూస్తే మాత్రం పిల్లలమర్రి ‘బెస్ట్ స్కోరు 80’, డిండి ‘బెస్ట్ స్కోరు 94’. మీ సంతలో ఏది ఎక్కువ ధర పలుకుతుందో మీరే చెప్పండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా ఫిర్యాదును మీరు ప్రతిసారీ తప్పుగా చదువుతున్నారు. డిండి చెడ్డ గుర్రం అని మేం అనడం లేదు. నిలకడ లేని గుర్రాలను ఆటలోంచి తీసేయమని అసలే అడగడం లేదు. మేం ఆడే షోల్లో 85 దాటితే చాలావరకు మొదటి బహుమతి వచ్చేస్తుంది. పై పదిలో డిండి ఐదు సార్లు దాటింది, పిల్లలమర్రి ఒక్కసారీ దాటలేదు. రెండో స్థానానికి ఏమీ ఇవ్వని షోకు డిండిని పెట్టడమే తెలివి. అదే, ఏడాది చివర జరిగే ఛాంపియన్‌షిప్‌కు అర్హత కావాలంటే వరసగా ఐదు షోల్లో 70కి తగ్గకూడదు. అక్కడ డిండి రెండో షోకే బయటికి, పిల్లలమర్రి కళ్ళు మూసుకుని లోపలికి. ఏ గుర్రాన్ని ఎక్కడ పెట్టాలన్న లెక్కే ఈ ఆటలో రుచి. మీరు ఆ లెక్క కాగితాన్ని మా చేతిలోంచి లాక్కున్నారు.

మా ఫిర్యాదులు ఇవి.

1. దసరా తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో మీరు ఊపు, అంటే స్కోరు పైకీ కిందకీ ఊగే తేడా, పెంచారు, చెప్పలేదు. అప్‌డేట్‌కు ముందు పది షోల్లో డిండి అతి తక్కువ స్కోరు 67, అతి ఎక్కువ 85. పైన రాసినవి అప్‌డేట్ తర్వాతవి: తక్కువ 58, ఎక్కువ 94. అదే జీను, అదే దాణా, అదే రైడర్ లెవెల్. గ్రూపులో ఇంకో ఆరుగురి గుర్రాల్లోనూ ఇదే వరస. అప్‌డేట్ నోట్‌లో మాత్రం ‘చిన్న చిన్న మెరుగులు’ అని ఒక్క ముక్క. సపోర్టుకు రాసిన నాలుగో టికెట్‌కు (ఫిర్యాదుకు) మీ మనిషి ఇచ్చిన జవాబు: ‘సగటు స్కోర్లలో ఎలాంటి మార్పూ లేదు.’ నిజమే, లేదు. 67కీ 85కీ నడి మధ్య 76, 58కీ 94కీ నడి మధ్యా 76. నిచ్చెన పొడుగు పెంచి, నడిమి మెట్టు ఎక్కడుందో అక్కడే ఉంది కదా అన్నట్టుంది ఈ జవాబు. మేం అడిగింది పొడుగు గురించి.

2. దాచిన అంకె తెలుసుకోవడానికి మా డబ్బే ఖర్చవుతోంది. ఒక గుర్రం నిలకడ ఎంతో అంచనా వేయాలంటే కనీసం పది షోలకు పెట్టి చూడాలి. షోకు ఎంట్రీ 50 కాయిన్లు. నేను నిలకడగా కనిపించిన జతను కలిపి తొమ్మిది పిల్లలను తీశాను. తొమ్మిదింటినీ పదేసి షోలు తిప్పితే 4,500 కాయిన్లు. మీ దగ్గర వెయ్యి కాయిన్లు 199 రూపాయలు. అంటే దాదాపు తొమ్మిది వందల రూపాయలు, మీ సర్వర్‌లో ఇప్పటికే రాసి ఉన్న ఒక్క అంకెను బయటి నుంచి తడుముకోవడానికి. ఇంతా చేస్తే ఆ తొమ్మిదిలో నాలుగు డిండి కంటే ఎక్కువ ఊగుతున్నాయి. ‘పిల్ల నిలకడ తల్లిదండ్రుల మీద ఆధారపడుతుంది’ అని సహాయం పేజీ. ఎంత ఆధారపడుతుంది? సగమా, పావలా వంతా? ఆ వాక్యం ఇప్పటికీ నిజమేనా?

3. రంగు విషయంలో ఇంత నిజాయితీగా ఉన్న మీరు నిలకడ దగ్గర ఎందుకు నోరు మూసుకున్నారు? నేను ఈ ఆటలో నేర్చుకున్న జన్యుశాస్త్రం కాలేజీలో కూడా నేర్చుకోలేదు. చెస్ట్‌నట్ (ఎర్ర గోధుమ రంగు) మీద ఒక క్రీమ్ జన్యువు పడితే పాలమినో (బంగారు రంగు), రెండు పడితే క్రెమెల్లో (మీగడ రంగు). రెండు పాలమినోలను కలిపితే నాలుగింట ఒక వంతు చెస్ట్‌నట్, రెండు వంతులు పాలమినో, ఒక వంతు క్రెమెల్లో వచ్చే అవకాశం. పాలమినో కూడా నిలకడ లేని రంగే! తన రంగు పిల్లనే ఇస్తుందన్న భరోసా లేదు. అయినా పాలమినో గురించి ఎవరూ మీకు టికెట్ రాయలేదు. అవకాశం ఎంతో ముందే తెలుసు కాబట్టి. చెస్ట్‌నట్ పుడితే మా అదృష్టం అనుకున్నాం, మీ మోసం అనుకోలేదు. ఇప్పుడు నిలకడ లేని పిల్ల పుడితే ఏమనుకోవాలో తెలియడం లేదు.

4. మనుషుల మధ్య తగాదాలు పెట్టారు. మిర్యాలగూడలో నర్సింగ్ చదివే ఒక చెల్లెలు ఎనిమిది నెలలు కూడబెట్టిన 12,000 కాయిన్లు పెట్టి, ‘బెస్ట్ స్కోరు 96’ అని ఉన్న ఆడ గుర్రాన్ని మా గ్రూపులోనే ఒకరి దగ్గర కొన్నది. తర్వాత ఏడు షోల్లో దానికి 80 దాటింది ఒక్కసారే. అమ్మినతను జడ్చర్లలో లారీ డ్రైవరు. అతను మోసగాడు కాదు, అతనికీ తెలియదు, అతను చూసిందీ ఆ 96నే. అయినా గ్రూపులో మాట మీద మాట పెరిగింది. ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్ళిపోయింది, వారం తర్వాత అతనూ వెళ్ళిపోయాడు. బయటివాళ్ళకు ఇది పిల్లలాటలా కనబడవచ్చు. రాత్రి లోడు దింపే దాకా గోదాము బయట ఫోన్‌లో గుర్రాలను చూసుకునే మనిషికి అది చిన్నది కాదు. ఆ గొడవకు కారణమైన అంకె మీ దగ్గర ఉంది.

5. ‘ప్రశాంతత ప్యాక్’. ఊపు పెరిగిన మూడు వారాలకు ఇది దిగింది. ఏడు రోజులకు 299 రూపాయలు, ‘మీ గుర్రం స్కోరు ఊగకుండా’ అని ప్రకటన. దీని గురించి ఎక్కువ రాయను. నీళ్ళు ఉప్పగా చేసి మంచినీళ్ళ డబ్బా అమ్మడం అంటే ఏమిటో నల్గొండ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి, డబ్బా నీళ్ళు కొనుక్కుని బతికిన జిల్లా ఇది.

6. ‘నిలకడైన సంతానం’ పేరుతో అమ్ముతున్న మగ గుర్రం. సాధారణంగా ఒక ఆటగాడి మగ గుర్రంతో కలపాలంటే కాయిన్లు ఇస్తాం. మీరు మీ సొంత ఛాంపియన్ గుర్రానికి జతకు 149 రూపాయలు పెట్టారు. బెస్ట్ స్కోరు 99. ఇంకేం కనబడుతుంది! అందరూ దానికే ఎగబడ్డారు. ఇప్పుడు మా పద్నాలుగు మంది గుర్రపుశాలల్లో సగానికి పైగా పిల్లలు దాని సంతానమే. వాటిలో వాటిని కలిపితే ఒకే తండ్రి బిడ్డలు. ఆ సంబంధంలో పుట్టే పిల్లకు రక్తసంబంధం శాతం 12.5, తల్లి కూడా ఒకటే అయితే 25. అది పెరిగే కొద్దీ మీ ఆటే ఆరోగ్యంలో కోత పెడుతుంది. అంటే నిలకడ దాచి మమ్మల్ని ఒకే గుర్రం వెంట పరుగెత్తించి, పరుగెత్తినందుకు జరిమానా వేస్తున్నారు.

నిజం గుర్రాల లోకంలోనూ ఇలా జరిగింది. అమెరికాలో 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే, క్వార్టర్ హార్స్ జాతి మగ గుర్రం కండపుష్టి చూసి మార్కులేసే షోల్లో గెలిచింది. దాంతో దాని సంతానం వేలల్లో పెరిగింది. తర్వాత తేలింది ఏమంటే, ఆ వంశంలో ఒక కండరాల జబ్బు నడుస్తోంది. రక్తంలో పొటాషియం పెరిగి కండలు వణుకుతాయి, గుర్రం ఉన్నట్టుండి కూలబడుతుంది. ఒక్క జన్యువున్నా జబ్బు రావచ్చు, రెండుంటే ఇంకా ఎక్కువ. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ చివరికి 2007 నుంచి పుట్టినవాటిలో ఆ జన్యువు రెండు ప్రతులూ ఉన్న పిల్లలను రిజిస్టర్ చేయడం మానేసింది. అక్కడ కనీసం పరీక్ష ఉంది, ఫలితం కాగితం మీద ఉంటుంది. మీ ఆటలో నిలకడకు పరీక్ష లేదు, కాగితమూ లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్తాను. పాలమూరుకు తన పేరు మిగిల్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, హైదరాబాద్ గుర్రప్పందేలు మలక్‌పేటకు మారాయి. ఇవాళ్టికీ అక్కడ నడుస్తున్నాయి. పందెం మంచిదని నేను అనను, కొంపలు ముంచుకున్న వాళ్ళను చూశాను. కానీ పందెం వాళ్ళ పుస్తకంలో కూడా గుర్రం కిందటి పరుగుల్లో ఎన్నో స్థానంలో వచ్చిందో వరసగా వేస్తారు, గెలిచిన రోజుదీ, చివర వచ్చిన రోజుదీ. గెలిచిన రోజు ఒక్కటే అచ్చేస్తే జనం ఊరుకోరు. పందెం కాని ఆటలో ఆ మాత్రం కూడా లేదంటే ఏమనాలి?

మా మేనమామ గద్వాల వైపు. ఆయనకు బండలాగుడు ఎడ్లుండేవి. ఆ పోటీల సంగతి తెలియని వాళ్ళకు: ఎడ్ల జత పెద్ద రాతి బండను ఇచ్చిన టైములో ఎంత దూరం లాగితే అంత, అడుగుల్లో కొలుస్తారు. పాలపళ్ళ కోడెలకు వేరు, రెండు పళ్ళ వాటికి వేరు, ఇలా పళ్ళను బట్టి విభాగాలు. మామ జతలో ఎడమ వైపుది ఒక జాతరలో మొదటి బహుమతి తెచ్చింది, మరుసటి నెల ఇంకో ఊళ్ళో బండ ముందర మోకాళ్ళేసింది. చర్నాకోల తగిలినా లేవలేదు. ఆ ఎద్దును అమ్మే రోజు నేను అంగడికి వెంట వెళ్ళాను, పదేళ్ళవాణ్ణి. కొనేవాడు పళ్ళు చూశాడు, సుడి చూశాడు, గిట్టలు చూశాడు. మామ అన్నాడు: ‘అన్నీ మంచిగనే ఉన్నయ్. గని దీనికి మనసైతేనే లాగుతది. మనసు గాకపోతే పండుకుంటది. ఇప్పుడే చెప్తున్న, రేపు నన్ను అడగొద్దు.’ వచ్చినాయన కాసేపు ఆలోచించి, ధర కొంత తగ్గించి, కొనుక్కుని వెళ్ళాడు. ఆయనకు పండగ పోటీకి ఒక్కరోజు లాగితే చాలంట. తర్వాత వాళ్ళిద్దరూ ఏ జాతరలో కలిసినా కలిసి చాయ్ తాగేవాళ్ళు.

మేం మీ నుంచి అడుగుతున్నది మామ చెప్పిన ఆ ఒక్క మాటే.

ఇంకో విషయం. మా ఇళ్ళల్లో ఫోన్‌లో డబ్బులు పోయే ఏ ఆటైనా రమ్మీ కిందే లెక్క. తప్పు పట్టలేం. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ కేంద్రం చట్టం చేసింది. మీ ఆట ఆ కోవలోకి రాదని, ఇందులో గెలిచింది డబ్బుగా మార్చుకోలేమని, ఇది పెంపకం ఆటని మా వాళ్ళకు చెప్పుకుంటూ వచ్చాం. కల్వకుర్తి నుంచి ఆడే డిగ్రీ కుర్రాడు వాళ్ళ నాన్నకు నిలకడ గురించి వివరించబోతే ఆయన అడిగిన ప్రశ్న: ‘డబ్బు కడతవు, ఏమొస్తదో తెల్వదు, లెక్క వాళ్ళ దగ్గరే ఉంటది. మరి పత్తాలాటకు దీనికి తేడా ఏందిరా?’ ఆ కుర్రాడు నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, ఆయనకు చేరవేస్తాను.

మా డిమాండ్లు:

1. ప్రతి గుర్రం పేజీలో చివరి ఇరవై షోల స్కోర్లు వరసగా చూపించాలి. ‘బెస్ట్ స్కోరు’ పక్కనే అతి తక్కువ స్కోరూ, సగటూ ఉండాలి. సంతలో అమ్మకానికి పెట్టిన గుర్రాలకు ఇది తప్పనిసరి. అన్నిటికంటే ముందు ఇది చేయండి. మీకు ఒక్క రోజు పని.

2. దసరా తర్వాతి అప్‌డేట్‌లో నిలకడకు సంబంధించి ఏం మార్చారో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో, అర్థమయ్యే భాషలో రాయాలి. ఇకముందు మార్చే ముందు కనీసం పదిహేను రోజుల గడువుతో చెప్పాలి.

3. నిలకడ అంకెను చూపించాలి. అంకె చూపిస్తే ఆట రుచి పోతుందని మీరనుకుంటే, గుర్రం రంగు జన్యువులకు ఆటలో ఉన్న పరీక్షలాగే కాయిన్లతో చేయించుకునే పరీక్ష ఒకటి పెట్టండి. రూపాయలతో కాదు.

4. తల్లిదండ్రుల నుంచి పిల్లకు నిలకడ ఎంత వంతు వస్తుందో సహాయం పేజీలో అంకెలతో రాయాలి.

5. ప్రశాంతత ప్యాక్ ఆపాలి. కొన్నవాళ్ళకు డబ్బు తిరిగి ఇవ్వాలి. మీ మగ గుర్రానికి 149 చొప్పున కట్టినవాళ్ళకు, దాని పిల్లల నిలకడ వివరాలు బయటపెట్టి, కావాలన్న వాళ్ళకు వాపసు ఇవ్వాలి.

6. ఈ గొడవ పడలేక గుర్రాలన్నిటినీ ఒకే మూసలో పోసి ఊపు లేకుండా చేయకండి. భయపడి అడుగుతున్నాను, ఎందుకంటే మీకు అదే సులువు. అందరి గుర్రాలూ ఎప్పుడూ 77 తెచ్చే ఆట ఎవరికి కావాలి? డిండిని డిండిలాగే ఉండనివ్వండి.

ఈ లేఖ మీకు అందిన రోజు నుంచి ముప్పై రోజులు చూస్తాం. జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కొనేవాళ్ళను మోసగించే ఆన్‌లైన్ మాయలపై (డార్క్ ప్యాటర్న్స్) మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పదమూడు రకాలు లెక్కపెట్టారు. ఒక ఫలితం ఆశ చూపి ఇంకోటి అంటగట్టడం వాటిలో ఒకటి. మీ మగ గుర్రం ప్రకటన దాని కిందకి వస్తుందో రాదో తేల్చాల్సింది నేను కాదు, వాళ్ళే తేలుస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానున్న చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఎక్కడుందో వెతుక్కుంటూ పోనక్కర్లేదు. అంటే మాకు నల్గొండ చాలు. దేవరకొండ నుంచి బస్సెక్కితే పొద్దున్నే పోయి సాయంత్రానికి ఇల్లు చేరతాను.

తోటి ఆటగాళ్ళకు ఒక మాట. మీరు ఏ ఊళ్ళో ఉన్నా, మీ గుర్రాల స్కోర్లు అప్‌డేట్‌కు ముందువీ తర్వాతవీ ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి దాచిపెట్టుకోండి. పాత షోల వివరాలు తొంభై రోజుల తర్వాత ఆ షోల ఫలితాల పేజీల్లోంచి పోతాయి, దసరా ముందువి ఇప్పటికే పోవడం మొదలైంది. నా నోటుబుక్కు ఫోటోలు గ్రూపులో పెట్టాను. మిర్యాలగూడ చెల్లెలు ఇది చదివితే, నీ గుర్రం స్కోర్లు కూడా పంపమ్మా. జడ్చర్ల అన్నకు నేను ఫోన్ చేశాను, ఆయన గుర్రం పాత స్కోర్లు ఇస్తానన్నాడు.

ఇట్లు,
దేవరకొండ నుంచి ఒక ఆటగాడు,
గ్రూపులో మిగిలిన పన్నెండు మంది తరఫున, వెళ్ళిపోయిన ఇద్దరి తరఫున